పిల్లుల ఆఫీసుకి వచ్చేటప్పుడు

బ్లెస్సీ,
కాకినాడలో యానాం బస్సెక్కి
తాళ్ళరేవులో దిగు.
పరిశోధనా కేంద్రం అంటే ఆటోవాళ్ళకి తెలీదు.
పిల్లుల ఆఫీసు అను, తెస్తారు.

చక్రాల సూట్‌కేసు వద్దు.
దానికి చక్రాలుంటాయి గానీ మాకు రోడ్డుండదు.
చివరి అర కిలోమీటరూ చెక్కవంతెన,
పోటు మీదున్నప్పుడు అదీ ఉండదు.
మోయగలనా అని ఇంట్లో నిలబడి అడక్కు,
మోకాల్లోతు నీళ్ళలో నిలబడ్డట్టు అనుకుని అడుగు.

పెన్నులు వద్దు, పెన్సిళ్ళు.
నా మొదటి ఏడు లెక్కలన్నీ
ఒక్క వానకి నీలంగా కరిగి
కోరంగి పాయలో కలిశాయి.
నూట పద్నాలుగు పీత బొరియలు,
ఏ చేప మింగిందో ఆ అంకెల్ని.

టీ జల్లెడలు రెండు.
ఒకదానికి ఎర్ర దారం కట్టు.
దాంతో బావురుపిల్లి పెంట కడుగుతాం.
పొలుసులు, పీత డెక్కలు,
ఒక్కోసారి ఎలుక పన్ను
అడుగున మిగులుతాయి, అదే మన చదువు.
దారం లేనిది టీకి.
(కిందటేడు దారం ఊడిపోయింది.
అప్పట్నించీ గంగాలు
టీని గుడ్డలోనే వడకడుతోంది.)

జీన్స్ ఆరదు.
పాత నూలు చీర ఒకటి, మీ అమ్మమ్మది ఉంటే మరీ మంచిది.
తుండుగుడ్డ అదే, కిటికీ తెర అదే,
మడ వేరు గీసుకుపోయిన పిక్కకి కట్టూ అదే.
రెండు కేజీల బియ్యం.
వండడానిక్కాదు,
తడిసిన కెమెరాని
రాత్రంతా అందులో పడుకోబెట్టడానికి.

తిథులున్న గోడ కేలండరు మర్చిపోకు.
నూకరాజుకి గడియారం లేదు.
అష్టమికి నీళ్ళు బద్ధకిస్తాయి,
అమావాస్యకి వంటింటి గడప దాకా వచ్చి
గంగాలుని పలకరించి పోతాయి.
చర్చికెళ్ళే పిల్లని, నాకెందుకు తిథులంటావా?
మీ ఈస్టరు కూడా
చంద్రుణ్ణి అడిగే కదా వస్తుంది.

ఫోనుకి సిగ్నలు
కావలి మంచె మూడో మెట్టు మీద.
రెండో మెట్టు మీద ఉండదు, నాలుగో మెట్టు మీద గాలి.
మీ అమ్మకి ముందే చెప్పు,
మాట మధ్యలో తెగితే
తెంచింది నువ్వు కాదని.

పిల్లిని చూస్తానన్న ఆశ
ఎంత తెచ్చుకోవాలో మాత్రం నాకు తెలీదు.
మూడేళ్ళలో నాలుగుసార్లు చూశాను,
అందులో ఒకసారి తోకే.
ఫొటోల్లో రోజూ వస్తుంది.
మనం అటు వెళ్ళిన పావుగంటకి
మన అడుగుల్లోనే అడుగేసుకుంటూ వస్తుంది,
కెమెరా ముందు ఆగుతుంది,
ఇందాక మనం తిన్న జంతికల వాసన చూస్తుంది.
ఎవరు ఎవర్ని లెక్కపెడుతున్నారో
రాత్రిళ్ళు ఫొటోలు తిప్పుతూ
నాకు అనుమానం వస్తుంటుంది.

అన్నట్టు జంతికలు తే. ఎక్కువే తే.

చెప్పుల సంగతి చివరికి ఉంచాను.
పడవ దిగేటప్పుడు
మనిషి ముందు ఎడమ కాలే వేస్తాడు, ఎందుకో.
బురద పట్టుకుంటుంది.
కాలిస్తుంది, చెప్పివ్వదు.
నాది తెల్ల బూటు, జీతం లేని నెలల్లో కొన్నది.
రెండేళ్ళకి పాటు మీద తేలితే
నూకరాజు పట్టుకొచ్చాడు,
నిండా నత్తగుల్లలు, లోపల ఓ చిన్న పీత.
"మీ ఇల్లు అద్దెకిచ్చేసేరండి," అన్నాడు.
మళ్ళీ అక్కడే పెట్టి రమ్మన్నాను.

ఆఫీసు వసారా గోడకి
ఇప్పటిదాకా వచ్చినవాళ్ళ కుడికాలి చెప్పులు
ఏడు వేలాడుతుంటాయి,
ఒకటి గమ్‌బూటు, రెండు హవాయి,
ఒకటి ఎవరో దొరగారి తోలుది.

నువ్వొస్తున్నావని చెప్పగానే
నూకరాజు ఏమీ అనలేదు.
మర్నాడు పొద్దున లేచి చూస్తే
నా బూటు పక్కన
కొత్త మేకు కొట్టి ఉంది.